మణికొండ కారులో డిస్ట్రాయర్ కథ

ఉదయం ఎనిమిదీ ఇరవైకి ఖాజాగూడ దగ్గర కారు ఆగిపోయింది. ముందు ఏదో బస్సు చెడిపోయింది. ఆయన ఇంజను ఆపేసి, ఒక ఓడ గురించి చెప్పడం మొదలుపెట్టారు.

కారు ఆయనదే. రోజూ మణికొండ నుంచి మాదాపూర్‌లోని ఆఫీసుకు ముగ్గురం అందులోనే వెళ్లేవాళ్లం. ఆయన మా మేనేజరు, కాకినాడ వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. వెనక సీటులో కూర్చునే మా టీమ్ అబ్బాయిది సిద్దిపేట దగ్గర ఊరు. ఆయన్ని "అన్నా, నువ్వు" అనేవాడు. అలా అనడం మొదట్లో నాకే ఇబ్బందిగా ఉండేది, ఆయనకు కాదు.

ఆ ఓడ డిస్ట్రాయర్ అనే రకం యుద్ధనౌక, ఆ రకం కొత్తగా వచ్చిన రోజుల్లో బ్రిటిష్ నౌకాదళం కట్టించుకున్నది. నీళ్లలోంచి దూసుకెళ్లి ఓడను పేల్చే టార్పెడోలను వదిలే పడవలు చిన్నవి, వేగమైనవి. వాటిని తరిమి కొట్టడానికి ఈ రకం ఓడల్ని తయారుచేశారట. సన్నగా, పొడుగ్గా, బొగ్గుతో నడిచేవి. అలలు జారిపోవాలని ముందు భాగాన్ని తాబేలు డిప్పలా వంచారు. అయినా లోపల అందరూ తడిసేవారు. ఆ కష్టానికి నావికులకు జీతం మీద అదనంగా కొంత ఇచ్చేవారని ఆయన చెబితే, వెనక నుంచి "మనకు గూడ ఇప్పియ్యన్నా, ఈ ట్రాఫిక్ల కూసున్నందుకు" అని వినబడింది.

కారులో ఆఫీసు మాట ఎత్తకూడదని మాకు ముందునుంచీ ఒక నియమం ఉంది. ఓడ కథ మొదలయ్యాక ఇంకొకటి చేరింది. దాని సంగతి ఎవరూ ఫోనులో వెతకకూడదు. ఆయన చెప్పినంతే తెలుసుకోవాలి.

కథ రోజుకు కాస్త చొప్పున నెమ్మదిగా సాగేది. పరీక్షల్లో ఓడ అనుకున్న వేగం అందుకోలేదు. మళ్లీ మళ్లీ నడిపి చూశారు. విన్యాసాల్లో తోటి ఓడకు తగిలి, ముక్కు వంగి, రేవులో పడి ఉంది. కొన్నాళ్లు కొత్తవాళ్లకు పని నేర్పడానికి వాడారు.

"ఇంతకీ ఎప్పుడు మునుగుతదన్నా?"

"ఎందుకు మునగాలయ్యా?"

"డిస్ట్రాయర్ అంటివి. ఒక్క లడాయి లేకపాయె."

"యుద్ధం రానీ. చెబుతా."

కథలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆయనకు దగ్గు పట్టుకుంది. ఓడ అప్పటికే పాతబడింది. దాన్ని తీరం వెంబడి కాపలా తిప్పారు, సరుకు ఓడలకు తోడు పంపారు. అక్కడిదాకా చెప్పారు. తర్వాతి వారం ఊపిరితిత్తుల్లో జబ్బని తేలింది. ఆస్పత్రిలో చేరే ముందు రోజు నాకు ఫోన్ చేసి, "ఓడ సంగతి మిగిలిపోయిందమ్మా. నేనే చెప్పాలి. వెతక్కండి," అన్నారు. ఆయన ఇంకేమీ అడగలేదు.

మేం ఇద్దరం చూడటానికి వెళ్లినప్పుడు ఆయన మంచం తల వైపు ఎత్తించుకుని కూర్చున్నారు. ఎలా ఉన్నారని అడగనివ్వలేదు. యుద్ధం దగ్గర కథ ఎత్తుకున్నారు. రెండు మాటలకే ఆయాసం వచ్చింది. నేను వద్దండీ అనబోయాను.

"శత్రువు కనబడనే లేదా అన్నా?" అన్నాడు మా టీమ్ అబ్బాయి.

ఆయన లేదన్నట్టు తల ఊపారు.

"మల్ల యుద్ధం అయిపోయినంక రేవుకు తెచ్చి కట్టేసిండ్రా?"

ఆయన అవునన్నారు. ఆయన చెప్పాల్సిన ప్రతి మాటకూ ముందు అతను ఒక ప్రశ్న వేస్తున్నాడు. ఆయన అవుననో కాదనో అంటే చాలు. కాసేపటికి నాకు అర్థమైంది. ఆయనకు నాకంటే ముందే అర్థమై ఉంటుంది.

"చూసేశావు కదూ?"

"చూసినన్నా. నీకు ఆయాసమొస్తదని."

"నియమం తప్పావు."

"తప్పిన. ఆఖరు ముచ్చట మాత్రం నువ్వే చెప్పు. అది నేను అడగ."

ఆయన చాలాసేపు ఊపిరి తీసుకున్నారు. మేం తొందరపెట్టలేదు.

"అమ్మేశారు. పాత ఇనుముకి. విప్పి ముక్కలు చేశారు."

"అంతేనా అండీ?" అన్నాను.

"అంతేనమ్మా. చెప్పిన పనల్లా చేసింది. దాని సర్వీసు అది."

చెప్పేశానన్న తృప్తి ఆయన ముఖంలో కనిపించింది. నాకు అలా అనిపించి ఉండవచ్చు కూడా. నర్సు వచ్చి మమ్మల్ని బయటికి పొమ్మంది. లిఫ్టులో అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

నెల తిరగకుండానే ఆయన పోయారు. ఆ కారు నేను తీసుకోవచ్చునని వాళ్లింట్లో అన్నారు. నేను తీసుకోలేదు. ఇప్పుడు ఎవరి క్యాబ్ వాళ్లం పిలుచుకుంటున్నాం. ఆఫీసులో కలిసి భోజనం చేస్తాం, పని గురించి మాట్లాడుకుంటాం. దారిలో కథ మాత్రం లేదు.