నేసిన బట్ట మాత్రమే

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సు కోటేకల్లుకు ఇవతలే నిలిచిపోయింది. ముందర పత్తి లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా ఒరిగింది. నా పక్కన కూర్చున్న అమ్మాయి పెన్‌డ్రైవ్‌ను పిడికిట్లో బిగించి ఆ లారీని తిడుతోంది. ఏమైందమ్మా అన్నాను. అడగడమే ఆలస్యం, అంతా కక్కేసింది.

పేరు నాగవేణి. ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి పిల్ల, ఆదోనిలో కంప్యూటర్ డిగ్రీ. తను రాసిన ప్రోగ్రామ్ ఈ రోజు కాలేజీలో నడిపి చూపించాలి. సాయంత్రం ల్యాబు మూసేలోగా చూపించకపోతే ఏడాది పోయినట్టే.

ఇంట్లో పాత ల్యాప్‌టాప్, అందులో మిషన్‌ను నడిపేది లైనక్స్. అక్కడ, రాసినదాన్ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే ఉచిత కంపైలర్ ఒక్క వరుస టైపు కొడితే వచ్చి కూర్చుందట. కాలేజీలో విండోస్. అదే కంపైలర్‌ను అక్కడ దించి, విప్పి, అది ఎక్కడుందో మిషన్‌కు నచ్చజెప్పేసరికి ప్రాణం తోకకొచ్చిందట. తీరా చూస్తే తను తెచ్చిందే చెల్లలేదు.

"మా ఇంట్లో నేసిన చీర మడతపెట్టి సొసైటీకి ఇస్తారు తాతా. నూలు ఎవురన్నా మోసుకపోతారా? నేనూ అట్లే తయారైంది ఒకటే తెచ్చినా. లైనక్స్‌లో తయారైందాన్ని విండోస్ ముట్టనే ముట్టల్యా. రాసింది ఉండింటే ఆడనే మళ్లా తయారు సేసుకుంటాంటి. అది ఇంట్లో ఉండాది, తెచ్చుకుందామని పోతాండా."

ఇంటికి ఫోన్ చేసి పంపమనలేకపోయావా అన్నాను. చేసిందట. వాళ్లమ్మ కమలమ్మ మగ్గం దిగొచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి, ఏది నొక్కితే ఏమవుతుందోనని మళ్లీ మూసేసిందట.

నా నోరు ఊరుకోదు. హొళగుంద దాటి కర్ణాటక సంతలో లెక్కలు కన్నడంలోకి మారిపోతాయనీ, దేవరగట్టు దసరా కర్రల సమరంలో మాత్రం రెండు భాషలవాళ్లకూ కర్ర ఒక్కటే అర్థమవుతుందనీ ఎత్తుకున్నాను.

"కర్రల సంగతి ఇప్పుడెందుకు తాతా," అంది.

పోనీ, అంత మంచి కంపైలర్ ఉచితంగా దొరికింది కదా అన్నాను.

"ఉచితమే. నా పొద్దు మాత్రం తినేసింది."

డ్రైవరు ఇంజను ఆపి బీడీ ముట్టించాడు. క్రేను రావాలంటున్నారు. కాశీలో ఒకసారి నేనెక్కిన రైలు ఇలాగే నిలిచిపోయిన ముచ్చట చెబుతూ పక్కకు తిరిగాను. సీటు ఖాళీ.

చున్నీ నడుముకు చుట్టుకుని, ఒరిగిన లారీకీ కందకానికీ మధ్య సందులో దూరి, అవతల ఎమ్మిగనూరు వైపు నిలిచిన ఆటో కేసి పోతోంది. వెనక్కి చూడలేదు.