ఎక్కించుకోవద్దప్పా!

పాతికేళ్ల వయసులో మనిషికి తనకు మోకాళ్లున్న సంగతే గుర్తుండదు. నాకూ అవి గుర్తులేని ఆ కాలంలో, జమ్మలమడుగులో ఎండ మాడ్చేస్తున్న ఒక మధ్యాహ్నం, ఎరువుల కొట్టులో కంప్యూటర్ ముందు కూర్చుని, హిమాలయాల్లో ఆరువేల మీటర్ల శిఖరం ఒకటి ఎక్కి తీరాలని నిశ్చయించుకున్నాను. (అప్పటిదాకా నేనెక్కిన ఎత్తయిన చోటు మా మిద్దె మీది నీళ్ల ట్యాంకు.) మనాలిలో ఉండే గైడొకాయన్ను ఫోన్లో పట్టుకున్నాను. మంచివాడే గానీ మొహమాటం తెలియని మనిషి. నెల రోజులు వీపున బరువుతో నడవాలి, ఆ నడక ఫోన్లోని యాప్ ద్వారా తనకు చేరాలి, అప్పుడే జట్టులో చోటు అన్నాడు. నడవడమేగా, అదెంత పని అనుకున్నాను.

మా వైపు ఒక మనిషి రోడ్డు మీద ఒంటరిగా నడుస్తుంటే బండి మీద పోయేవాడు చూస్తూ పోలేడు. బియ్యం నింపిన సంచి తగిలించుకుని గండికోట రోడ్డెక్కానో లేదో, పక్కన బండి ఆగేది. "ఏమప్పా, ఈ ఎండలో యాడికి నడుచుకుంటా పోతాండావు? ఎక్కు!" వద్దంటే, "ఏం, మా బండి పనికిరాదా?" అని ముఖం మాడ్చుకునేవారు. ట్రైనింగ్ అని చెబితే, "అట్లనే చేసుకుందువులే, ముందు ఎక్కు" అనేవారు. ఎక్కేవాణ్ని. (ఒకరోజు ట్రాక్టరు కూడా ఎక్కాను.) వారం గడిచాక గైడు ఫోన్ చేశాడు. "భాయ్, నువ్వు కొండదారిలో గంటకు నలభై కిలోమీటర్లు నడుస్తున్నావు. నీకు గైడెందుకు?" అని హిందీలో అడిగాడు. నవ్వబోయాను గానీ ఆయన నవ్వలేదు. వచ్చే ఆదివారం గండికోట దాకా మొత్తం నడిచి చూపించకపోతే జట్టులోంచి పేరు తీసేస్తానన్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. జీవితంలో దేన్నీ నేను అంతగా కోరుకోలేదు మరి.

వెళ్లి మా మేనమామను బతిమాలాను. తన బండి ఎక్కడానికి ఒకసారి బెట్టు చేసినందుకు ఆయన అప్పటికే నా మీద అలిగి ఉన్నాడు. సంగతంతా విని, "దుడ్లిచ్చి మరీ కొండెక్కేదేందిరా? ఆ మంచులో ఏముండాది?" అని కాసేపు విసుక్కుని, "సరే, నేనూ వస్తా పా" అన్నాడు. ఆదివారం పొద్దున్నే నేను సంచితో నడుస్తుంటే, ఆయన నా పక్కనే బండి మీద మెల్లగా వచ్చాడు. మొదటి బండి ఆగగానే చెయ్యెత్తి, "ఎక్కించుకోవద్దప్పా, మావానికి మొక్కుండాది" అన్నాడు. అంతే! ఆ మనిషి బండి దిగి, చెప్పులు విడిచి, నాకు దండం పెట్టి పోయాడు. ఆ కబురు మాకంటే ముందే రోడ్డంతా పాకింది. దారిపొడవునా మజ్జిగ ఇచ్చేవాళ్లు, అరటిపళ్లు ఇచ్చేవాళ్లు. ఒక అవ్వ ఎదురొచ్చి, "ఏ సామికి మొక్కుకున్యావు నాయనా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మామ ఉత్తరం వైపు చెయ్యి చూపించి, "శానా దూరం అవ్వా. మంచు సామి" అన్నాడు. ఆమె తన పేరు మీద కొట్టమని నా సంచిలో ఒక టెంకాయ వేసింది. (గైడు చూసుంటే సంతోషించేవాడు, బరువు పెరిగింది కదా.) కోట గోడ కనిపించేసరికి నా కాళ్లు నావి కావు. సాయంత్రం గైడు ఫోన్ చేసి, "ఈరోజు మనిషిలా నడిచావు, వచ్చెయ్" అన్నాడు. మామ నాకంటే గట్టిగా అరిచాడు.

వెళ్లాను, ఎక్కాను. అవ్వ టెంకాయను కొండ కిందే, గుడారాల దగ్గర ఒక బండ మీద కొట్టాను. పైన మంచులో మాత్రం, నాలుగడుగులకొకసారి ఆగి రొప్పుతూ, ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. బండి చప్పుడు లేదు, "ఎక్కప్పా" అనేవాడు లేడు. అంత బెంగ నాకెప్పుడూ కలగలేదు.

పదేళ్లు దాటాయి. మోకాళ్లున్న సంగతి ఇప్పుడు రోజూ గుర్తొస్తోంది. షుగరుకు నడవమని డాక్టరు చెబితే, పొద్దున్నే షూ వేసుకుని అదే గండికోట రోడ్డు పడుతున్నాను. నా షూ, నా పొట్ట చూసి ఎవరూ బండి ఆపరు. మొన్న మాత్రం పాతికేళ్లవాడొకడు పక్కన ఆపి, "యాడికి మామా? ఎక్కు" అన్నాడు.

ఫోన్లో యాప్ ఆపేసి, ఎక్కి కూర్చున్నాను.