కాక కుట్టించిన అడుగు లేని గుడారం

మా కాక పోయిన సంగతి నాకు ఖర్జూర తోటలో నీళ్లు పెడుతుండగా తెలిసింది. ఆయన కొడుకు జగిత్యాల దగ్గరి ఊరి నుంచి ఫోన్ చేశాడు. పొద్దున చాయ్ తాగి, గొర్ల దొడ్డి దిక్కు పోయొస్తానని లేచి, గడప దగ్గరే కూలబడ్డాడట. దవాఖానాకు తీసుకుపోయేలోపే అయిపోయిందన్నాడు. నేను మోటారు బంద్ చేసి తోట యజమానికి చెప్పడానికి వెళ్లాను. మస్కట్ దగ్గరి ఖురియాత్‌లోని ఆ తోటలో పనిచేసే మేమంతా ఆయన్ని అర్బాబ్ అంటాం.  ఆయన, ఈ ఏడు కొండకు ఏ గుడారం తీసుకుపోదామని హిందీలో అడిగాడు. బయటివాళ్లకు అది పొంతన లేని ప్రశ్నలా ఉంటుంది. మాకు కాదు.

కాక నాకు చుట్టం కాదు. మా పక్క ఊరి మనిషి. నాకంటే ఎంతో ముందు వచ్చి ఆ తోటలో కుదిరాడు. రూమ్‌లో అందరికీ ఆయన కాకే. వాళ్లది గొర్ల మంద ఉన్న ఇల్లు. చిన్నప్పుడు తండ్రి వెంట మందతో ఊళ్లు తిరిగినవాడు. ఎక్కడ కూర్చున్నా ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూసి, దానికి వీపు పెట్టి కూర్చునేవాడు. రూమ్‌లో ఏసీ ముందు కూడా అంతే.

ప్రతి ఏడు రేగుపూత అయిపోయిన తర్వాత అర్బాబ్ తేనె కోసం కొండల్లోకి వెళ్తాడు. వాళ్ల నాన్న కాలంలో ఆ కొండల్లో అడవి మేకలను వేటాడేవారట. ఇప్పుడు వేట బంద్ అయింది, తేనె వెతకడం మిగిలింది. పద్ధతి మాత్రం వేటదే. బండిని వాగు మలుపు దగ్గర ఆపి అక్కడి నుంచి నడవాలి. రెండు మూడు రోజులు పైనే ఉండాలి. ఎవరి బరువు వాళ్లదే. "అప్నా సామాన్, అప్నా పీఠ్" అనేవాడు అర్బాబ్. మోయలేనివాడు తోటలోనే ఉండిపోవాలి. తన కొడుకుకైనా అదే మాట.

ఆ కొండ ప్రయాణం కోసం కాక ఏడాదంతా ఎదురుచూసేవాడు. తేనె కోసం కాదు. షుగరున్న మనిషి, తేనె వేలితో కూడా ముట్టడు. కొండ ఎక్కాలి, పైన గుడారం వేయాలి, దాని ముందు కూర్చొని కింద దారిని చూడాలి. ఆయనకు కావలసింది అంతే. మోకాలు నొప్పి మొదలయ్యాక ఒక్కటే భయం పట్టుకుంది, అర్బాబ్ తనను తోటలో వదిలేసి పోతాడని.

నేను వాళ్లతో వెళ్లిన మొదటి ఏడు మా దగ్గర ఉన్నది అర్బాబ్ కొన్న గుడారం. మందపాటి గుడ్డ, ఇనుప గొట్టాలు, కింద కుట్టేసిన అడుగు, జిప్పు తలుపు. కాక, నేను చెరి సగం మోశాం. అర్బాబ్ తేనె వెతుకుతూ ముందుకు పోయాడు. ఎప్పుడూ చోటు చూపించే ఆయన లేకపోవడంతో మేం వాగులో ఇసుక మీద గుడారం వేశాం.

"మనూర్ల మందను ఆపేది వాగు ఇసుకలనే గదరా. మెత్తగుంటది," అన్నాడు కాక.

నాకూ అది సబబే అనిపించింది. మా దిక్కు వాగు ఎండితే అందులోనే వంటలు, అందులోనే పడక. అన్నం తిని మిట్టమధ్యాహ్నం ఒరిగాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. కొంతసేపటికి నా వీపు కింద ఏదో కదిలింది. అడుగు పైకి లేచింది. గుడారం పడవలా ఊగింది. జిప్పు లాగితే రాలేదు. కాక కొడవలితో గుడ్డ చీల్చి, నన్ను ముందు తోసి, తానూ బయటపడ్డాడు. మోకాలి లోతు నీళ్లలో గట్టెక్కి వెనక్కి చూస్తే గుడారం మలుపు తిరిగిపోతోంది. మా చెప్పులు కూడా దాంట్లోనే.

అర్బాబ్ పరుగున వచ్చి మమ్మల్ని చూసి, ముందు దేవుణ్ణి తలచుకున్నాడు. తర్వాత, బుర్ర లేదా అని అరబ్బీ, హిందీ కలిపి తిట్టాడు.

"ముఖ్ మాఫీ! దిమాగ్ నహీఁ? బారిష్ ఉధర్, పానీ ఇధర్!"

ఎక్కడో దూరపు కొండల మీద పడిన వాన ఇక్కడ ఎండలో వరదై వస్తుందని మా ఇద్దరికీ అప్పటిదాకా తెలియదు. కాక తలవంచుకొని తిట్లన్నీ విన్నాడు. తోటకు తిరిగి వచ్చాక నాతో అన్నాడు.

"వాగుల పండుడు తప్పే. గని అడుగుండవట్టి నీళ్లచ్చిన సంగతి వీపుకు ఎర్కగాలె. అడుగు లేకుంటే ఫస్టు సుక్కకే లేస్తుంటిమి."

ఆ తర్వాత ఆయన అడుగున్న గుడారం మోయలేదు.

వచ్చే ఏడుకు తనే ఒకటి కుట్టించాడు. గొడుగు గుడ్డలాంటి పల్చని గుడ్డ సంపాదించి, బజార్లో మలయాళీ దర్జీ పక్కన కూర్చొని, అతని ప్రాణం తీసి కుట్టించాడు. నడుమ ఒకే కర్ర. అది కూడా వేరేది కాదు, ఆయన చేతికర్రే. ఆ కొండల్లో రాతిలో మేకు దిగదు, అందుకని అంచు పొడవునా ఉచ్చులు పెట్టించి, వాటికి తాళ్లతో రాళ్లు కట్టేవాడు. పల్చని గుడ్డ లోపల తెల్లారేసరికి మన ఊపిరే చెమ్మై కారుతుంది. అది ఒక్కసారి చూసి, కొన దగ్గర గాలి పోయేంత సందు వదిలించాడు.

అర్బాబ్ దాన్ని చూసి, ఇది గుడారం కాదు గొడుగని నవ్వాడు. "యే ఖైమా నహీఁ, ఛత్రీ హై!"

"ఛత్రీ కాదు అర్బాబ్, గొంగడి," అన్నాడు కాక తెలుగులోనే. తర్వాత నాకు చెప్పాడు. "మా నాయిన వానల కట్టె నిలవెట్టి, మీదికెల్లి గొంగడి కప్పుకొని కూసుంటుండె. దానికి అడుగున్నదా, తలుపున్నదా? మందల గొర్రె దగ్గినా ఇనవడుతుండె."

అర్బాబ్ కొడుకు మస్కట్‌లో చదువుకున్నవాడు, మంచి పిల్లవాడు. తేలు వస్తే ఏం చేస్తావని అడిగాడు. దానికీ కాక దగ్గర జవాబుంది. అడుగున్న గుడారంలో దూరిన తేలు బయటికి పోలేక పక్కలోకి వస్తుంది, దీంట్లో వచ్చిన దారినే పోతుందన్నాడు. అది ఎంతవరకు నిజమో నాకు తెలియదు. ఆయన మాత్రం రోజూ పొద్దున చెప్పులు దులపకుండా కాలు పెట్టేవాడు కాదు.

ఆ గుడారంతో కష్టాలు లేవని కాదు. ఒకసారి గాలి లేచి కింది నుంచి దుమ్మంతా లోపలికి కొట్టింది. అన్నం గిన్నె నిండా ఇసుక. అర్బాబ్ కొడుకు తన జిప్పు గుడారంలో హాయిగా తింటున్నాడు.

"ఏంది కాకా, గొంగడి అన్నం తిననిస్తలేదు?" అన్నాను.

"నమలకు. మింగు," అన్నాడు.

కొండ దిగిన రోజు సాయంత్రం సంచి బోర్లించి ఒక్కో వస్తువు చేతిలోకి తీసుకునేవాడు. "కొండ మీద బయటికి తియ్యనిది మల్ల మొయ్యద్దు" అనేవాడు. అలా రెండో అంగీ పోయింది, దుప్పటి సగమైంది. ఒక ఏడు దువ్వెన కూడా మానేశాడు. మేం నవ్వితే, "నవ్వుండ్రి. మీ మోకాళ్లు మంచిగున్నయి" అన్నాడు. బరువు ఎంత తగ్గితే అన్ని ఏళ్లు కొండ ఎక్కొచ్చని ఆయన లెక్క. చాలా ఏళ్లు అది సరిపోయింది.

నిరుడు సరిపోలేదు. వాగు మలుపు దగ్గర బండి దిగి, సంచి తగిలించుకొని, మొదటి ఎత్తు సగం దాకా వచ్చాడు. అక్కడ ఒక బండ మీద కూర్చున్నాడు. మేం ఆగాం. మోకాలు ఒత్తుకుంటూ కొద్దిసేపు పైకి చూశాడు. తర్వాత సంచిలోంచి గుడారం తీసి నాకిచ్చాడు.

"తీస్కపో. ఇదేం బరువుగాదు."

అర్బాబ్ తన నియమం మాట ఎత్తలేదు. తన చాయ్ ఫ్లాస్కు కాక పక్కన పెట్టి నడిచాడు.

మేం తిరిగి వచ్చేదాకా కాక బండి దగ్గరే ఉన్నాడు. పైన ఎప్పుడూ వేసే చదునులోనే నా కర్ర నిలబెట్టి గుడారం వేశాను. ఒక్కడినే వేయడం అదే మొదటిసారి. దిగి వచ్చాక ఆయన తేనె దొరికిందా అని అడగలేదు.

"ఎడమ దిక్కు కుంగింది గదరా. ఆ రాయి సాలలే," అన్నాడు.

"నీకెట్ల ఎర్క కాకా?"

"ఈడికెల్లి కనవడ్తలేదా?"

నేను తిరిగి చూశాను. అక్కడి నుంచి ఆ చదును గోరంత. ఆయన ఆ రోజులన్నీ దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత తోటలో ఎక్కువ రోజులు లేడు. వీసా క్యాన్సిల్ చేయించుకొని ఇంటికి వెళ్లిపోయాడు. కర్ర తీసుకుపోయాడు, గుడారం నాకు వదిలాడు. ఫోన్ చేసినప్పుడల్లా గొర్ల సంగతి రెండు మాటలు చెప్పి, గుడ్డకు ఎలుకలు పడకుండా చూడమనేవాడు.

అర్బాబ్ అడిగిన రోజు నేను కాకదే తీసుకుపోదామన్నాను. ఆయన తలూపాడు. కొండకు పోయిన రోజు ఆయన కొడుకు తన కొత్త గుడారం బండిలోంచి దించలేదు.

మొన్న వెళ్లాం. చదునులో కర్ర నిలబెట్టి గుడ్డ కప్పాను. రాళ్లన్నీ నిరుడు పెట్టినచోటే ఉన్నాయి. ఎడమ వైపుది తీసేసి పెద్దది కట్టాను. అంచు దాకా వెళ్లి కిందికి చూశాను. వాగు మలుపులో తెల్లటి బండి ఉంది, దాని పక్కన నీడ ఉంది. నీడలో ఎవరూ లేరు. వెనక్కి వచ్చి, ఎడమ వైపు ఇంకో రాయి కట్టాను.