రెండంగుళాలు కిందికి

ఆ రోజుల్లో కారు ఎంత కిందికి ఉంటే దాని యజమాని అంత పైకి వెళ్తాడని నాకు గట్టి నమ్మకం ఉండేది. బెజవాడ పక్కనే ఇబ్రహీంపట్నంలో మొదటి ఉద్యోగం, పెళ్లికాని వయసు, జేబులో ఇంటర్నెట్టున్న ఫోను. ఈ మూడూ కలిస్తే మనిషికి ఎలాంటి నమ్మకమైనా పుడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఒక కారు కొన్నాను. చూడ్డానికి చిన్నదే గానీ టర్బో ఇంజను. కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకి అతుక్కుపోయేది. అంతటితో తృప్తిపడితే బాగుండేది. ఎక్కడో చలిదేశాల్లో, కొండదారుల్లో కార్లు తోలే కుర్రాళ్లు రాసుకునే కబుర్లు చదివి, మలుపుల్లో నా కారు పక్కకి ఒరిగిపోతోందని బెంగ పెట్టుకున్నాను. (బెజవాడ నుంచి బందరు వైపు రోడ్డు కాలవ పక్కన గీత గీసినట్టు పోతుంది. నా కారు ఒరిగేంత మలుపు తిప్పాలంటే ఏ గేదో అడ్డం రావాలి. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.)

విదేశం నుంచి నాలుగు పొట్టి స్ప్రింగులూ, వాటికి జోడుగా నాలుగు గట్టి షాక్ అబ్జార్బర్లూ తెప్పించాను. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. మర్నాడే ఆటోనగర్‌లో మా మేస్త్రీ దగ్గరికి పట్టుకెళ్లాను. ముప్పై ఏళ్లుగా కార్ల కింద పడుకుని లోకాన్ని చూసిన మనిషి ఆయన. ఒక స్ప్రింగు చేతిలోకి తీసుకుని, పుచ్చకాయని చూసినట్టు అటూ ఇటూ తిప్పి, "ఇది మొత్తం వచ్చిందాండీ, సగం దార్లో ఉండిపోయిందా?" అన్నాడు.

"అంతే ఉంటుంది మేస్త్రీ. కారు రెండంగుళాలు కిందికి దిగుతుంది."

"దిగితే?"

దిగితే ఏమవుతుందో పావుగంట సేపు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "మరి స్పీడు బ్రేకర్లొస్తేనో?" అన్నాడు.

"నెమ్మదిగా పోతాను."

"నెమ్మదిగా పోటానికా బాబూ ఇదంతా!"

అంటూనే ఆయన చక్రాలు ఊడదీసి, పాత స్ప్రింగులు తీసి, కొత్తవి ఎక్కించాడు. నేను పక్కన నిలబడి, స్ప్రింగులతో పాటు వచ్చిన కాగితంలో ఉన్నది పురోహితుడిలా చదువుతూ ఉన్నాను. సాయంత్రానికి జాకీ దించితే, కారు నేలని హత్తుకున్నట్టు కూర్చుంది. దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను. (ఎవరూ చూడలేదనే అనుకుంటున్నాను.) ఇంటికి వస్తుంటే, రోడ్డు మీద రూపాయి బిళ్ల పడి ఉంటే బొమ్మా బొరుసా చెప్పగలిగేటంత స్పష్టంగా ప్రతి గులకరాయీ నా వెన్నులో తెలిసింది. దాన్నే 'రోడ్ ఫీలింగ్' అంటారని స్నేహితులకి చెప్పుకున్నాను.

వారం తిరక్కుండా, బెజవాడలో ఉండే మా అక్క ఫోన్ చేసింది. అక్క చిన్నప్పుడు కూచిపూడిలోనే నాట్యం నేర్చుకుంది. మోకాలికి ఆపరేషనై నాలుగేళ్లు గజ్జె కట్టలేదు. డాక్టరు సరేనన్నాక, ఆ ఊళ్లోనే ఒక కార్యక్రమంలో పావుగంట చెయ్యమని పిలిచారు. సరిగ్గా ఆ రోజు మధ్యాహ్నం, మాట్లాడుకున్న వ్యాను రాలేదు. బావ ఊళ్లో లేడు. "ఒరేయ్, ఆరింటికల్లా స్టేజీ మీద ఉండాలిరా. నీ కారుంది కదా?" అంది.

"ఉందా అంటావేంటే! గంటంబావులో దింపుతా" అన్నాను.

అక్క అలంకారమంతా ఇంటి దగ్గరే చేసుకుని, గజ్జెలు చేత్తో పట్టుకుని ముందు కూర్చుంది. వెనక మృదంగం మాస్టారు. ఆయన నిలువెత్తు మనిషి, అడ్డంగా కూడా దాదాపు అంతే. ఆయన కూర్చోగానే కారు ఇంకో అంగుళం దిగి, టైరు లోపల ఎక్కడో రాసుకుని 'గర్ర్' మంది. ఆయన మృదంగాన్ని ఒళ్లో పెట్టుకుని, ప్రతి గతుక్కీ దాని మీద గడ్డం ఆనిస్తూ, బెంజిసర్కిల్ దాటేదాకా ఓర్చుకుని, "ఏం తాళం బాబూ ఇది? ఎక్కడా సమం దొరకట్లేదు" అన్నారు.

కంకిపాడులో మొదటి స్పీడు బ్రేకరు దగ్గర కారు పొట్ట కింద సిమెంటు గీరిన చప్పుడు పళ్లదాకా వచ్చింది. ఇక లాభం లేదని, స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా ఇద్దరినీ దింపి, ఖాళీ కారుని ఐమూలగా దాటించి, మళ్లీ ఎక్కించుకోవడం మొదలుపెట్టాను. ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్లన్నీ నా వెనకే ఆగి హారన్లు కొడుతుంటే, నాట్యవేషంలో మా అక్క, మృదంగంతో మాస్టారు రోడ్డు పక్కన నడుస్తున్నారు. టీకొట్టు దగ్గర ఒకాయన లేచి నమస్కారం కూడా పెట్టాడు. పామర్రు దాటేసరికి పదకొండుసార్లు దిగారు. పదకొండోసారి ఎక్కేటప్పుడు అక్క మోకాలు పట్టుకుని ఎక్కింది.

అది చూసి నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు బుర్ర ఇంకాస్త తక్కువ పని చేస్తుంది. తర్వాతి ఊళ్లో, ఊరివాళ్లే సొంతంగా కట్టుకున్న స్పీడు బ్రేకరొకటి గోడలా కనిపించింది. "దిగొద్దు, నేను చూసుకుంటా" అన్నాను. ముందు చక్రాలు దాటాయి. తర్వాత కారు పొట్ట దాని మీద కూర్చుంది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. కింద నుంచి నల్లగా ఆయిలు కారడం మొదలైంది. టైము అయిదూ ఇరవై.

అక్క తిట్టి ఉంటే బాగుండేది. ఫోన్లో టైము చూసుకుని, నెమ్మదిగా దిగి, రోడ్డు మీద నిలబడింది. అంతలో ఉయ్యూరు ఫ్యాక్టరీలో చెరకు దింపి ఖాళీగా వస్తున్న ట్రాక్టరొకటి ఆగింది. దాని డ్రైవరు తెల్ల మీసాల పెద్దమనిషి. "కూచిపూడి మీంచే పోతన్నానమ్మా, రండి" అన్నాడు. నలుగురు కలిసి మాస్టారిని ట్రక్కులోకి ఎక్కించారు, ఆయన ఎక్కాక మృదంగాన్ని అందించారు. అక్క చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, చెరకు ఆకుల మీద నిలబడి, "నువ్వు తర్వాత రారా" అని మాత్రం అంది.

నేను కారు దగ్గర మిగిలాను. ఎదురింటి అరుగు మీదున్న పెద్దావిడ, "ఏం బాబూ, టైర్లలో గాలి పోయిందా?" అని అడిగింది.

"లేదండీ. నేనే కావాలని దించాను."

"కావాలనా!" అని కాసేపు నావైపు చూసి, లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

ఊళ్లోవాళ్లు కారుని ఎత్తి పక్కకి పెట్టాక, ఆటో పట్టుకుని వెళ్లేసరికి ఏడున్నర. ఎవరో మైకులో కృతజ్ఞతలు చెబుతున్నారు. స్టేజీ వెనక అక్క గజ్జెలు విప్పుకుంటోంది. "అయిపోయిందా?" అన్నాను. "అయిపోయింది. బాగానే వచ్చిందిరా" అంది. కళ్లకాటుక కాస్త చెదిరి ఉంది. "మోకాలు?" అంటే, "ట్రాక్టరు హాయిగా ఉంది" అంది. మాస్టారు గొంతు సవరించుకుని, "అమ్మాయి చివరి జతికి జనం లేచి నిలబడ్డారు బాబూ" అన్నారు. నేను నవ్వాననే గుర్తు. అక్క చేతిలోని గజ్జెలు నేను అందుకున్నాను.

ఆ నాట్యం నేను చూడనేలేదు. ఎవరో ఫోన్లో తీసింది ఉంది గానీ, దాన్నిండా ముందు వరసలో ఎవరిదో బట్టతలే. తర్వాత అక్క చాలాచోట్ల చేసింది, ఇప్పుడు పిల్లలకి నేర్పుతోంది కూడా. తన కార్యక్రమం ఎక్కడున్నా నేను రెండు గంటల ముందే వెళ్లి మొదటి వరసలో కూర్చుంటాను. షామియానా మనిషిననుకుని కుర్చీలు సర్దమంటారు, సర్దుతాను. అలా ఖాళీ హాల్లో కూర్చున్నప్పుడు ఒక్కోసారి, కారు రెండంగుళాలు దించుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడి తెలివితక్కువకి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కానీ ఎంత ఆలోచించినా తిట్టబుద్ధి కాదు. అక్క ఫోన్ చేసింది, వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తాళాలు తీసుకుని బయల్దేరాడు. అంతమాత్రం బుద్ధైనా వాడికి ఉంది కదా అనుకుని, నాలో నేనే నవ్వుకుంటాను.