దూడకూ నాకూ ఒకే తువ్వాలు

మూర్ఖత్వంలో నాకు సాటి లేరని ఆ ఏడాదే తెలిసింది. దూడ మూతి తుడిచిన తువ్వాలునే నడుముకు చుట్టుకుని తిరిగాను. దానికి మొహం మీద, నాకు నడుము మీద గుండ్రంగా తామర పూసింది. మందుల దుకాణాయన ఇచ్చిన ట్యూబు రాస్తే మూడు రోజుల్లో తగ్గేది, మానితే రెట్టింపై వచ్చేది. మానకుండా కొంటూనే ఉన్నాను.

గిద్దలూరు నుంచి మార్కాపురం వచ్చే బస్సులో గోక్కుంటూ ట్యూబు బయటికి తీశాను. పక్క సీటులోని పెద్దామె నా చేయి పట్టుకుంది.

"నేనూ ఇదే రాసినా నాయనా. చూడు."

ఆమె మోచేతి దగ్గర చర్మం ఉల్లిపొర మాదిరి పలచబడి నరాలు కనబడుతున్నాయి.

"ఇంట్లో గొడ్లున్నాయా?"

"దూడ ఉంది. దానికీ ఇదే."

"ఇది బూజు నాయనా. ఈ మందు బూజు మీద సున్నం కొట్టినట్లే, లోపల పెరుగుతానే ఉంటాది. నువ్వు పెద్దాసుపత్రికి పో, దూడను పశువుల డాక్టరుకు చూపించు."

ట్యూబు లాక్కుని కిటికీలోంచి మొత్తం పిండేసింది. బేస్తవారిపేటలో దిగిపోయింది.

ఆమె చెప్పినట్టే చేసినా, నాకూ దూడకూ నయం కావడానికి నెలలు పట్టింది. అయితే బస్సు దిగిన వారమే, మచ్చలు ఇంకా ఉండగానే, మందుల దుకాణం ఎదుట టీ బల్ల మీద ఇలా రాసిన పలక పట్టుకుని కూర్చున్నాను. "ఇక్కడి ట్యూబుతో తామర ముదరబెట్టుకున్నాను. అనుమానముంటే నడుము చూపిస్తాను."

"ఏందన్నా, నా నోట్లో మట్టి కొడతావా?" అన్నాడు దుకాణాయన.

"నా నడుము నా ఇష్టం. చూపించుకుంటా."

ట్యూబు కోసం వచ్చిన ముసలాయన "ఏదీ, చూపించు" అన్నాడు. చొక్కా ఎత్తాను. ఆయన దుకాణం మెట్లెక్కకుండా ఆసుపత్రి దారి పట్టాడు.