బురుల్ వేళ్ల సందుల్లో దురద

మా నరిన్ లోయలో ఉన్ని తివాచీలు కత్తిరించి కుట్టడంలో బురుల్‌ది అందె వేసిన చెయ్యి. ఆ చలికాలం ఆమె కత్తెర పక్కన పెట్టేసింది. వేళ్ల సందుల్లో ఒకటే దురద. ముందు ఉన్ని పడలేదనుకుంది. సబ్బు మార్చింది. తర్వాత గొర్రెల మీద అనుమానపడి దొడ్డివైపే వెళ్లడం మానేసింది. అయినా పక్క ఎక్కగానే దురద మొదలయ్యేది. చివరికి మనవరాలు కూడా మణికట్టు గోక్కుంటుంటే భయపడి, పక్కింట్లో ఉండే నన్ను తోడు తీసుకుని ఆరోగ్యకేంద్రానికి వెళ్లింది.

నర్సు ఊల్కాన్ భూతద్దంతో చూసింది. వేళ్ల మధ్య దారప్పోగుల్లాంటి సన్నని గీతలు.

"గజ్జి, అక్కా."

బురుల్ ముఖం ఎర్రబడింది. "వారానికి రెండుసార్లు ఆవిరిస్నానం చేస్తాను. నాకు గజ్జేమిటే?"

"శుభ్రంగా ఉన్నా వస్తుంది. చర్మంలో దూరే పురుగు ఇది."

"గొర్రెలదా?"

"కాదు, మనుషులదే. ఎవరి పక్కన పడుకున్నావు?"

అక్క అనార్‌కుల్ ఇంట్లో, బావగారు పోయిన నలభయ్యో రోజు కర్మకు వెళ్లినప్పుడు, అక్కా తనూ మనవరాలూ ముగ్గురు ఒకే బొంత కప్పుకున్నారు. బురుల్ ఆ మాట దాటేసి మందేమిటని అడిగింది.

ఊల్కాన్ లేపనం ఇచ్చింది. "దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరూ ఒకేరోజు మెడ నుంచి పాదాల దాకా పూసుకోండి. పొద్దున కడిగేయండి. వారం తర్వాత మళ్లీ ఒకసారి పూయండి. బట్టలు మరిగే నీళ్లలో ఉతకండి. ఉతకలేని బొంతల్ని సంచిలో మూతికట్టి వారం ముట్టుకోకండి."

అన్నీ చేశారు. పది రోజులైనా దురద పోలేదు. మందు పనిచేయలేదనుకుని బురుల్ మూడోసారి, నాలుగోసారి పూసింది. చర్మం పొరలుగా ఊడితే మళ్లీ ఆరోగ్యకేంద్రానికి వెళ్లాం.

"పురుగు చచ్చినా దురద కొన్ని వారాలు ఉంటుందక్కా," ఊల్కాన్ విసుక్కుంది. "కొత్త గీతలు లేవు. ఇక పూయకు."

"చచ్చినదానికి దురదేమిటి?" అని నన్నడిగింది బురుల్ దారిలో. ముల్లు తీశాక కూడా సలుపు ఉన్నట్టేమో అన్నాను.

అక్కకు చెప్పకపోతే మళ్లీ అంటుకుంటుందేమో. చెబితే నింద వేసినట్టవుతుందేమో. రెండు రోజులు తటపటాయించి ఫోన్ చేసింది.

 అంతా విని అనార్‌కుల్ అంది: "నేనూ నెల నుంచి గోక్కుంటున్నానే. నువ్వే అంటించావనుకుని, నువ్వు నొచ్చుకుంటావని చెప్పలేదు."

ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఇద్దరికీ తేలలేదు. మర్నాడు బురుల్ లేపనం తీసుకుని అక్క ఊరికి బస్సెక్కింది.