కరెంటు కుండలో సొరకాయ

మధ్యాహ్నం అన్నాల వేళ. హనుమకొండలో నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి టిఫిన్ మూత తీసి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. వెంటనే లేచి వాష్‌బేసిన్ దగ్గరికి ఉరికింది. మళ్లీ మళ్లీ పుక్కిలించి, కళ్లల్లో నీళ్లతో తిరిగొచ్చింది.

"అక్కా, సొరకాయ విషం లెక్క చేదున్నది. నిన్న నీకిచ్చింది గూడ గదే తీగది. వండినవా ఏంది?"

వండాను. పొద్దున స్లో కుక్కర్‌లో వేసి వచ్చాను. ఈపాటికి మెత్తగా ఉడికి ఉంటుంది. ఈపాటికి మా అత్తమ్మ గిన్నెలో వేసుకుని తింటూ కూడా ఉంటుంది.

"మా అత్తమ్మ ముక్క కొరికి చూసింది. మంచిగనే ఉన్నదన్నది" అన్నాను. అన్నానే గాని, ఆ మాట నా చెవికే ఏదోలా వినిపించింది.

అత్తమ్మకు అంతకుముందు సంవత్సరం దవడ లోపల గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి, ఆ తర్వాత రోజూ తీసుకుపోయి కరెంటు పెట్టించాము. రేడియేషన్‌ను మా దగ్గర అందరూ కరెంటు పెట్టడమనే అంటారు. గడ్డ పోయింది గాని నోరు ఎండిపోయింది. లాలాజలం ఊరదు, అన్నం మెతుకు గొంతు దిగదు. తాజా కూరగాయలు బాగా మెత్తగా చేసి పెట్టమన్నారు డాక్టర్లు. పగలంతా ఆమె ఒక్కతే ఇంట్లో ఉంటుంది. చేతులు వణుకుతాయి, గ్యాస్ పొయ్యి దగ్గరికి పోనిచ్చేది లేదు. మా ఆయన నెక్కొండలో ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు, పొద్దున బండెక్కితే సాయంత్రమే రావడం. అందుకని ఆన్‌లైన్‌లో ఈ స్లో కుక్కర్ తెప్పించాడు. సొరకాయ, బీరకాయ, క్యారెట్, టమాట కోసి, గుప్పెడు పెసరపప్పు, పసుపు వేసి, స్విచ్ వేసి పోతే చాలు. కూతలు లేవు, పొంగడం లేదు, మాడడం లేదు. సన్నని వేడి మీద మధ్యాహ్నందాకా ఉడికి, ముక్క నాలుకతో నొక్కితేనే చితికిపోయేది.

"నాకు పెట్టిండ్రు కరెంటు. ఇగ కూరగాయలకు గూడ పెడ్తానవా బిడ్డా?" అని మొదటిరోజే నవ్వింది అత్తమ్మ. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు కరెంటు కుండ.

నాలుకకు రుచి నెమ్మదిగా వస్తుందన్నారు. కరెంటు పెట్టించిన కొత్తలో నేను ఉద్యోగానికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. ఒకరోజు తింటూ తింటూ, "ఉప్పు తెలుస్తాంది బిడ్డా" అంది. తర్వాత ఏది పెట్టినా "మంచిగున్నది" అనడం మొదలుపెట్టింది. నేను ధైర్యం తెచ్చుకుని మళ్లీ ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాను.

ఆ పొద్దున, చేతులు వణుకుతున్నా వినకుండా, సొరకాయ తనే కోసింది. సొరకాయ కోసినప్పుడల్లా చివరి నుంచి చిన్న ముక్క తీసి ముందుపళ్లతో కొరికి చూడడం ఆమెకు పెళ్లి కాకముందు నుంచీ అలవాటు. అలాగే కొరికింది. "మంచిగున్నది, ఎయ్యి" అంది. వేశాను.

ఇప్పుడు ఆ చేదు టిఫిన్ ముందు కూర్చుంటే, కొద్దిరోజుల కిందటి సంగతి గుర్తొచ్చింది. కుండలో ఉప్పు వేయడం మరచిపోయి ఆఫీసుకు వచ్చేశాను. సాయంత్రం మిగిలింది తింటే చప్పగా ఉంది. "ఉప్పు లేదు గదా అత్తమ్మా, చెప్పకపోతివి?" అంటే, "మంచిగనే ఉండె గదా బిడ్డా" అంది. నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక అలా అందనుకున్నాను.

అందుకు కాదేమో.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఎత్తలేదు. మా ఆయనకు చేశాను. మేనరికం మాది, ఇప్పటికీ బావా అనే పిలుస్తాను.

"బావా, అత్తమ్మ ఫోన్ లేపుతలేదు. సొరకాయ చేదుదట, తిన్నదో ఏమో. మన గల్లీల కిరాణం వాళ్లకు చెయ్యి, జర పోయి చూడుమను. నేను బయల్దేరిన."

"చేదైతే అమ్మ ఎట్ల తింటదే?" అన్నాడు.

"అమ్మకు రుచి తెలుస్తలేదు బావా."

"చేస్తాన" అని పెట్టేశాడు.

ఆటో ఎక్కాను. ములుగు రోడ్డు దగ్గర బండ్లన్నీ ఒకదానికొకటి అడ్డంపడి ఆటో ఆగిపోయింది. ఊరికే ఉండలేక ఫోన్‌లో చేదు సొరకాయ అని కొట్టి చదివాను. వాంతులు, నెత్తురు, బీపీ పడిపోవడం, ముసలివాళ్లకు ప్రమాదం. ఉడికించినా ఆ విషం పోదట. ఫోన్ బ్యాగులో పడేశాను.

"అన్నా, జర జల్ది పోనియ్యవా" అన్నాను డ్రైవర్‌తో.

"ఎట్ల పోవాలె అక్కా, ఎగిరి పోవాల్నా?" అన్నాడు. అద్దంలో నా ముఖం చూశాడేమో, ఇంకేమీ అనకుండా బండిని పక్క సందులోకి తిప్పాడు.

అప్పుడు ఫోన్ మోగింది. కిరాణం ఆమె.

"వదినా, తలుపు తీసే ఉన్నది. టీవీ నడుస్తాంది. అవ్వ లేదు."

"వెనక దిక్కు చూడు వదినా, బట్టలుతికే బండ దగ్గర."

ఆమె చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు కిర్రుమంది. "అయ్యో, అవ్వా!" అని ఒక్క కేక. ఫోన్ కట్ అయింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. మా గల్లీ మలుపు దాకా మళ్లీ మళ్లీ అదే నంబరు నొక్కుతూ ఉన్నాను.

వెళ్లేసరికి అత్తమ్మ బండ మీద కూర్చుని, కిరాణం ఆమె భుజానికి తల ఆనించి ఉంది. చీర ముందంతా తడిసింది. ముఖం బూడిద రంగులోకి తిరిగింది. నన్ను చూసి లేవబోయింది.

"ఏం కాలే బిడ్డా. కొలువిడిసిపెట్టి నువ్వెందుకచ్చినవ్?"

వంటింట్లోకి పోయి చూశాను. కుండ లైటు వెలుగుతూనే ఉంది. సగం ఖాళీ అయింది. గరిట అంచుకున్న రసం నాలుకకు రాసుకున్నాను. ఆ చేదు నాలుక దాటి చెవుల దాకా పోయినట్టయింది. మనిషన్నవాళ్లెవరూ రెండో ముద్ద తినలేరు. ఆమె గిన్నెడు తిన్నది.

ఆటో అతను పోకుండా వాకిట్లోనే ఆగి ఉన్నాడు. అదే ఆటోలో దవాఖానకు తీసుకుపోయాము. దారిలో మరోసారి వాంతి చేసుకుంది. నా చేతిలో ఆమె చెయ్యి చల్లగా, చెమటతో జారిపోతూ ఉంది. దవాఖానలో నర్సు బీపీ చూసి, "బాగ పడిపోయింది" అంటూ డాక్టర్ కోసం గబగబా పోయింది.

సెలైన్ పెట్టించాక డాక్టర్ నెమ్మదిగా అడిగాడు. "అంత చేదుంటే ఎట్ల తిన్నవమ్మా?"

అత్తమ్మ గోడ వైపు చూసింది.

"నాకు చేదు తెల్వది సారూ. ఏదీ తెల్వది."

"ఎప్పటి నుంచి?"

"కరెంటు పెట్టినకాన్నుంచి."

"ఉప్పు తెలుస్తాందన్నవు గదా అత్తమ్మా!" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"అనకపోతే నువ్వు కొలువుకు పోతవా? పొద్దుందాక నా నోటి దిక్కు చూసుకుంట కూసుంటివి. ఎన్నొద్దులు కూసుంటవు?"

జాలి పడవలసిన సమయమది. కాని నాకు కోపమే వచ్చింది. ఇన్నాళ్లూ "మంచిగున్నది" అన్న ప్రతి మాటకూ లోలోపల పొంగిపోయాను. ఏది వేస్తే ఇష్టంగా తింటుందోనని ఒకరోజు కొత్తిమీర, ఒకరోజు కొంచెం అల్లం, ఒకరోజు పుదీనా. ఆమె మాత్రం అన్నీ ఒకేలాంటి వేడివేడి ముద్దలుగా మింగుతూ నా ముఖం చూసి మాట చెప్పింది. బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను.

సాయంత్రం వాంతిలో ఎర్రటి చార కనబడింది. అప్పుడు కోపం ఏమైపోయిందో తెలియదు. మా ఆయన నెక్కొండ నుంచి వచ్చి, పురుగుమందుల వాసన కొట్టే ఆ దుకాణం చొక్కాతోనే తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. సెలైన్ చుక్కలు పడుతూనే ఉన్నాయా లేదా అని అవే చూస్తూ ఉన్నాము. తెల్లవారి నర్సు బీపీ చూసి, "పెరుగుతాంది" అన్న ఒక్క మాటకు మా ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయి, అటే తిరిగి నిలబడ్డాడు.

ఇంటికి వచ్చిన మరునాడు సొరకాయలు ఇచ్చిన అమ్మాయి వచ్చి గడపలోనే ఏడుపు మొదలుపెట్టింది. అత్తమ్మ పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "తీగ చేసినదానికి నువ్వేం జేస్తవు బిడ్డా, ఊకో" అంది. ఆ అమ్మాయి ఆ తీగ వేరుతో సహా పీకేసిందట.

కుండను సజ్జ మీదికి ఎక్కించేశాను. మళ్లీ దించమన్నది అత్తమ్మే. ప్రెషర్ కుక్కర్‌లో చేసినవి పీచుపీచుగా గొంతుకు అడ్డం పడుతున్నాయంది.

"తింటే నీకు ఏం తెలుస్తది మరి?" అని అడిగాను ఆ రోజు.

కాస్త ఆలోచించి చెప్పింది. "ఎచ్చగున్నది తెలుస్తది. బీరకాయ జారిపోతది. క్యారెట్ జర ఆగి ఇరుగుతది. పప్పు అంటుకుంటది. గంతే."

ఇప్పుడు కోసిన ప్రతిదీ పచ్చిది నేనే కొరికి చూస్తాను. సాయంత్రం వచ్చి ఎలా ఉందని అడిగితే అత్తమ్మ నిజం చెబుతుంది. "ఏం తెల్వలే" అంటుంది. మొదట్లో ఆ మాట వింటే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. రోజూ వినీ వినీ అలవాటు పడ్డాను.

మొన్న ఆదివారం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తింటున్నాము. ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానని అంతకుముందే మా ఆయనతో అన్నాను. అత్తమ్మ విన్నదో లేదో తెలియదు. చెంచా నోటి దగ్గర ఆపింది.

"బిడ్డా, ఏదో పుల్లగ తగిలినట్టున్నది."

నేను ఆమె ముఖంలోకి చూశాను. కళ్లు, పెదవులు, దవడ మీది మచ్చ, అన్నీ వెతికాను. అందులో ఏమీ దొరకలేదు.

"నిజంగనా అత్తమ్మా?"

"ఏమో మరి, తగిలింది. అట్ల చూడకు. జర తిననియ్యి" అని చెంచా నోట్లో పెట్టుకుంది.